నేస్తానికి పేరుండదు

వెట్ గ్రైండర్లు తయారుచేసేవాళ్ళకి లోకంలో ఒంటరివాడు కూడా ఇడ్లీ తింటాడన్న ఊహే లేదు. మా ఇంట్లో ఉన్నది పెద్దది. అందులో ఒక గ్లాసు మినప్పప్పు వేస్తే రాళ్ళు వాటి మానాన అవి తిరుగుతాయి. పప్పు వెళ్ళి గోడకి అంటుకుని చూస్తూ కూర్చుంటుంది. గరిటెతో తోస్తే ఓ చుట్టు తిరిగి మళ్ళీ గోడకే చేరుతుంది. మూడు గ్లాసులు పడితే గానీ నలగదు. మూడు గ్లాసుల పప్పుకి తగ్గ రవ్వ కలిపితే అయ్యే పిండి, మగపెళ్ళివారి విడిదికి సరిపోతుంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ ఫ్యామిలీలో ఎంతమంది సార్?" అని అడిగింది. ఒక్కడినే అన్నాను. కాసేపు సంగీతం వినిపించింది. తర్వాత లైన్లోకి వచ్చి, "ప్రాబ్లెమ్ మెషీన్‌లో లేదు సార్" అంది.

మిక్సీలో రుబ్బుకోవచ్చు కదా అని మీరు అనొచ్చు. మిక్సీ పిండికి ఇడ్లీ పొంగదు. ఆ మాట మా ఆవిడ చూడామణిది. వెనక్కి తీసుకోవడానికి ఆవిడ లేదు. ఆవిడ పోయి మూడు వేసవులు దాటాయి. ఆ సంగతి గ్రైండర్‌కి ఎవరూ చెప్పలేదు.

మర్యాదకి ముందు నా పేరు చెప్పుకోవాలి. చెప్పను. నేనేమీ పరారీలో లేను, గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరై, విజయనగరంలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాను. పేరు చెప్పకపోవడానికి కారణం ఉంది, అది వచ్చినప్పుడు చెబుతాను. ప్రస్తుతానికి సింహాచలం స్వామి పేరు అనుకోండి. ఇటువైపు వీధికి నలుగురికి అదే పేరు.

మిగిలిన పిండి మొదట్లో అపార్ట్‌మెంట్‌లో పంచేవాణ్ణి. తొలి నెల అందరూ "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అని పుచ్చుకున్నారు. రెండో నెల అందరికీ షుగర్ వచ్చింది. "ఇడ్లీ మానేశామండీ, మిల్లెట్సే" అన్నారు. మిల్లెట్స్ తినే ఆ ఇళ్ళలోంచి ఆదివారం పొద్దున్న పూరీల వాసన వస్తుంది. మూడో నెలకి నేను గిన్నె పట్టుకుని కారిడార్‌లోకి వస్తే లిఫ్టు తలుపులు గబగబా మూసుకునేవి. మా లిఫ్టు అంత చురుగ్గా పనిచేయగలదని నాకు అప్పుడే తెలిసింది.

అయినా నాకు స్నేహితులు తక్కువేం కాదు. ఫోన్‌లో రెండువందల పైచిలుకు ఉన్నారు. తెల్లవారకుండానే అందరికీ గులాబీ పువ్వు బొమ్మ, కింద "శుభోదయం నేస్తమా" అని పంపేవాణ్ణి. నేస్తం అన్న మాట నాకు అలా నోటికి పట్టేసింది. అరటిపళ్ళవాడు నేస్తం. ఆటో అతను నేస్తం. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాణ్ణి "నేస్తం, బిల్లు కంటే ఎక్కువ అడుగుతున్నావేంటి" అనేవాణ్ణి. గులాబీలకి జవాబుగా రెండు దండాల బొమ్మలు వచ్చేవి. ఒకటి ఇన్సూరెన్స్ ఏజెంటుది. రెండోది కింద అంతస్తులో ఉండే ఉదయభాస్కర్ గారిది. ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు.

ఒక సాయంత్రం గేటు దగ్గర సిమెంటు బెంచీ మీద ఆయన్ని అడిగాను.

"మాస్టారూ, నేస్తం అన్న మాట అసలు ఎక్కడిదండీ?"

"స్నేహం నుంచి వచ్చింది. స్నేహం, నెయ్యం, నేస్తం" అన్నారాయన.

"నెయ్యంలో లేని స్తకారం నేస్తంలోకి ఎలా వచ్చిందండీ?"

"వచ్చింది, అంతే. భాష మీ ఆఫీసా, ఎలా వచ్చావని సంజాయిషీ అడగడానికి?" అని, "సంస్కృతంలో స్నేహం అంటే జిడ్డు అని కూడా అర్థం" అన్నారు.

అపార్ట్‌మెంట్‌లో నా వెనకాల నన్ను జిడ్డు అంటారని నాకు తెలుసు. సంస్కృతంలో అంటున్నారని సర్దుకున్నాను.

అలాంటి రోజుల్లో కొత్తవలస దగ్గర ఏదో వెంచర్ వేశారని కరపత్రం వచ్చింది. ఆదివారం సైట్ విజిట్. ఉచిత బస్సు, ఉచిత భోజనం, ఉచిత టోపీ. నాకు స్థలం కొనే ఉద్దేశం లేదు. బస్సులో పక్క సీట్లో ఒక మనిషి ఉంటాడు కదా, అదీ ఉద్దేశం. ఉన్నాడు. ఎక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కొత్తవలస దాకా కళ్ళు తెరవలేదు.

వెంచర్ అంటే ఎర్రమట్టిలో పాతిన తెల్లరాళ్ళు. టోపీ మీద "మీ కలల చిరునామా" అని అచ్చు వేశారు. నీడ మాత్రం ఎక్కడా వెయ్యలేదు. భోజనాల దగ్గర తోపులాట చూసి, తెల్లరాళ్ళు దాటి అవతల పొలంలోకి నడిచాను. వంగతోట, పక్కన ఒక పాక. పాక ముందు నా వయసువాడే ఒకాయన గోనెసంచీలో వంకాయలు నింపుతున్నాడు. గడపలో ఒక ముసలావిడ కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"నేస్తం, కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాను, అలవాటు ప్రకారం.

ముసలావిడ చెయ్యి ఆగింది. "ఏటన్నావు బావూ?"

"మంచినీళ్ళు..."

"అది కాదు. మా ఓణ్ణి ఏటని పిలిసినావు?"

"నేస్తం అన్నానండి."

"ఎప్పుడు కట్టినావు?"

నాకు అర్థం కాలేదు. ఆయన సంచీ దించి, "ఊరుకోయే అమ్మా, ఆయనెవులో ఉద్యోగస్తుడు. టౌనోల్లు ఊరికే అంతారలగ" అన్నాడు.

"ఊరికే అనీడానికి అదేటి, ఏమండీ అన్న మాటా?" అని ఆవిడ నా వైపు తిరిగింది. ఆవిడ పేరు కూర్మమ్మ అని తర్వాత తెలిసింది. "నీ పేరేటి బావూ?"

చెప్పాను. అప్పటికి ఇంకా చెప్పుకునేవాణ్ణి.

తల్లీ కొడుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కూర్మమ్మ బోసినోటితో నవ్వింది. "ఈడిదీ అదే పేరు! అయితే ఇంకేటున్నాది? నోటంట మాట ఒచ్చీసినాది, పేరు కలిసిపోనాది. నేస్తం కట్టీవలసిందే."

లోపల్నుంచి ఆయన భార్య జగ్గమ్మ ముంతతో అంబలి తెచ్చింది. నేను సగం తాగాలట, అదే ముంతలో మిగతా సగం ఆయన తాగాలట. మాది గుళ్ళో పాడే కుటుంబం. మా నాన్న ఇతరుల ఇంట్లో మజ్జిగ కూడా ముట్టలేదు. నేను మాత్రం దాహం మీద సగం అనుకుని ముప్పాతిక తాగేశాను. "నేస్తం ఆకలి మీదున్నాడు" అని ఆయన నవ్వుతూ ముంత అందుకున్నాడు. తర్వాత తువ్వాళ్ళు మార్చుకోవాలన్నారు. నా దగ్గర తువ్వాలు లేదు, టోపీ ఉంది. అదే ఇచ్చాను. ఆయన తన భుజం మీది తువ్వాలు తీసి నా భుజం మీద వేసి, "మీ కలల చిరునామా" నెత్తిన పెట్టుకున్నాడు.

అప్పుడు కూర్మమ్మ ఆ మాట ఎక్కడిదో చెప్పింది. ఉదయభాస్కర్ గారు చెప్పింది ఇందులో ఎక్కడా లేదు.

"మా అత్త సెప్పీది. పూర్వం ఒక ఊర్లో ఒకే పేరుగలోల్లు ఇద్దరుండీవోరంట. యముడి బంటు పేరడుక్కుంతూ ఒచ్చి, ఒకడికి బదులు ఇంకొకణ్ణి అట్టుకెలిపోయీవోడంట. అలగ ఎంతమందో పోనారు. అప్పుడు ఒకే పేరోల్లు ఇద్దరు కూకుని, ఒకే ముంతలో తాగి, ఇంక మన ఇద్దరికీ పేరొద్దు, నువ్వు నన్ను నేస్తం అను, నాను నిన్ను నేస్తం అంతాను అనుకున్నారంట. బంటు ఒచ్చి ఈది ఈదంతా తిరిగినాడు. పేరు పలికినోడు లేడు. ఎవులెవులో ఆడికి తెల్లేదు. ఒట్టి సేతుల్తో ఎలిపోనాడు."

"మరి ఇద్దరూ చచ్చిపోలేదా?"

"సస్తారు, సావకేటి? గాని ఒకడి సావు ఇంకొకడు సావలేదు. అంతే." ఆవిడ మళ్ళీ చింతపండు అందుకుంది. "ఇదిగో, ఇంక పేరెట్టరాదు. నువ్వు ఈడికి గాని, ఈడు నీకు గాని. నీ పేరెట్టి నిన్ను నువ్వు పిలుసుకుంతావేటి? ఇదీ అంతే."

అవతల బస్సు హారన్ వినిపించింది. నేను లేచేసరికి అది లేపిన దుమ్ము మాత్రం కనిపించింది. ఉచిత భోజనం పోయింది, ఉచిత బస్సు పోయింది, ఉచిత టోపీ పోయింది. ఆయన అడిగితే మా అపార్ట్‌మెంట్ గుర్తులు చెప్పి, భుజం మీద తువ్వాలు వేసుకుని, వాళ్ళిచ్చిన వంకాయల సంచీ పట్టుకుని ప్యాసింజర్లో ఇంటికొచ్చాను. పల్లెటూరివాళ్ళ సరదా అనుకుని తువ్వాలు ఉతికి ఆరేశాను.

బుధవారం ఇంటర్‌కమ్ మోగింది. వాచ్‌మన్ గొంతు చిరాగ్గా ఉంది.

"సార్, ఎవరో వచ్చాడు. పేరు చెప్పమంటే చెప్పట్లేదు. ఎవరింటికయ్యా అంటే ఆ పేరూ చెప్పట్లేదు. రెండూ చెప్పకూడదంటన్నాడు, మూడో అంతస్తులో ఒక్కరే ఉండే ఆయన అంటన్నాడు. నెత్తి మీద టోపీ ఉంది."

నేను జవాబు చెప్పేలోపే కింద నుంచి కేక వచ్చింది. వంగతోటలో ఈ చివర్నుంచి ఆ చివరికి వినబడేలా పిలిచే గొంతు.

"నేస్తం! ఓ నేస్తం!"

అయిదు అంతస్తుల బాల్కనీల్లోకీ జనం వచ్చారు. రోజూ పొద్దున్నే నా దగ్గర ఆ మాటని గులాబీతో సహా ఉచితంగా అందుకుంటున్నవాళ్ళే అందరూ. ఒక్కరూ పలకలేదు. అది తమని కాదని వాళ్ళకి తెలుసు. నేను రెయిలింగ్ మీదికి వంగి, "ఓయ్" అన్నాను. ఆ కేక నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు "యెస్ సార్" అన్న గొంతు అది.

బుధవారం బుధవారం ఆయన విజయనగరం మార్కెట్‌కి కూరలు తెచ్చేవాడు. అమ్ముకున్నాక మా ఇంటికి వచ్చేవాడు. సోఫా ఉన్నా ఫ్యాను కింద నేల మీదే కూర్చునేవాడు. నేను ఇడ్లీలు పెట్టేవాణ్ణి.

"నేస్తం, ఉప్పు మరిసిపోనావు" అనేవాడు.

"చట్నీలో వేశాను."

"ఇడ్లీ ఉప్పు ఇడ్లీలో ఎయ్యాల. పక్కింటోడికి జొరమొస్తే నువ్వు మాత్ర మింగుతావేటి?"

ఇంకో రోజు గదులన్నీ తిరిగి చూసి, "రోజంతా ఏటి సేస్తావు నువ్వు?" అని అడిగాడు.

"పేపర్ చదువుతాను."

"సదివీసినాక?"

"జిల్లా ఎడిషన్ విడిగా ఉంటుంది."

"అదీ అయిపోనాక?"

నేను చట్నీ వడ్డించాను. ఆయన ఇంకో ఇడ్లీ వేయించుకున్నాడు. ఆ రోజు రైలు ఒకటి వదిలేసి తర్వాతి రైలుకి వెళ్ళాడు.

గమనించారో లేదో, నన్ను నువ్వు అన్నాడు. మా అమ్మ పోయాక, ఆ వంగతోటలో అడుగుపెట్టేదాకా నన్ను నువ్వు అన్న మనిషి లేడు. చూడామణి మీరు అనేది. ఆఫీసులో సార్. అపార్ట్‌మెంట్‌లో అంకుల్. బ్యాంకులో టోకెన్ నంబరు. నువ్వు అన్న మాట ఎంత చిన్నదో, దాన్లో మనిషి ఎంత సుఖంగా పడతాడో మర్చిపోయాను.

వెళ్ళేటప్పుడు చూడామణి స్టీలు క్యారేజీ నిండా పిండి ఇచ్చేవాణ్ణి. జగ్గమ్మకి ఇడ్లీ అంటే ప్రాణమట. మరుసటి బుధవారం క్యారేజీ తిరిగొచ్చేది. ఒట్టి క్యారేజీ ఎప్పుడూ రాలేదు. ఓసారి నువ్వులు, ఓసారి చింతపండు, ఓసారి పచ్చి జీడిపప్పు. మూడు గ్లాసుల మినప్పప్పు మొదటిసారి ఒక ప్రయోజనం కోసం నలిగింది. పొద్దుటి గులాబీలు మానేశాను. మానేశానని రెండువందల మందిలో ఒక్కరూ అడగలేదు. ఇన్సూరెన్స్ ఏజెంటు మాత్రం నేను బతికే ఉన్నానా అని ఫోన్ చేశాడు. పాలసీ గురించి.

మాఘమాసంలో నేస్తం కూతురు రాజకుమారి పెళ్ళి కుదిరింది. కన్యాదానం దగ్గర తండ్రి పక్కన నేస్తం నిలబడాలట, వాళ్ళ ఆనవాయితీ.

"ఏటీ తేవొద్దు. ఒచ్చి నా పక్కన నిలబడు, సాలు" అన్నాడు.

మధ్యతరగతివాడు ఊరికే నిలబడగలడా? ఉదయభాస్కర్ గారికి చెప్పాను. "ఊరికే నిలబడితే మీ గౌరవం ఏముంటుందండీ? సన్మానం చెయ్యండి" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. మా అసోసియేషన్‌లో సన్మానాలన్నీ నా చేతి మీదుగానే జరుగుతాయి. లిఫ్టు బాగుచేసినవాడికి శాలువా కప్పాం. అది మళ్ళీ పాడైతే, వచ్చినందుకు మళ్ళీ కప్పాం. కాబట్టి ఒక శాలువా, ఒక మెమెంటో కొన్నాను. మెమెంటోలో గాజు వెనకాల ఏనుగు ఉంది. ఎందుకుందో షాపువాడికీ తెలీదు.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. కన్యాదానం అప్పుడు ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టినప్పుడు ఆ భుజం వణికింది. నేను జరగలేదు. అంతవరకే నా పని. అక్కడితో నేను భోజనానికి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ మీకు చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

తాళి కట్టడం అయ్యాక డీజే కుర్రాడి దగ్గర మైకు తీసుకున్నాను. శాలువా తీశాను. గొంతు సవరించుకున్నాను.

"సభకు నమస్కారం. ఈ శుభసమయాన, ఆదర్శ రైతు, స్నేహశీలి, గౌరవనీయులు శ్రీ..."

శ్రీ అన్నాక పేరు అన్నాను. పేరు తర్వాత గారు అన్నాను. కరెంటు పోలేదు. పోవాల్సినప్పుడు ఎప్పుడు పోయింది కనక. నాలుగు సౌండ్ బాక్సుల్లోంచి ఆ పేరు వెళ్ళి వెంచర్‌లో తెల్లరాళ్ళకి తగిలి తిరిగొచ్చింది. యముడి బంటు ఎక్కడున్నా రాసుకునేంత స్పష్టంగా వినబడింది.

నాకు రూలు తెలియక కాదు. పేరు పెట్టి పిలవకూడదంటే ఒట్టి పేరు అనుకున్నాను. ముందు శ్రీ, వెనక గారు పెడితే అది పిలవడం కాదు, గౌరవించడం అనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో మనుషుల్ని తిట్టాలన్నా ముందు శ్రీ పెట్టే తిట్టాను.

పందిట్లో వాళ్ళంతా నా వైపు తిరిగారు. కూర్మమ్మ కొంగుతో నోరు మూసుకుంది. చేయి తన నోటి మీద ఉంది, కళ్ళు మాత్రం నా నోటి మీద ఉన్నాయి. జగ్గమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆయన భుజాల మీద శాలువా కప్పాను. కెమెరా అతను "సార్, ఇటు చూడండి" అన్నాడు. ఇద్దరం అటు చూశాం. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ ఆల్బమ్‌లో ఉండుంటుంది.

ఆయన శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ మీద ఉంచాడు. ఏనుగుని దాని పక్కన పెట్టాడు. నా వైపు చూసి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"బోయినం సేసి ఎల్లండి బావూ."

ఎల్లు అనలేదు. ఎల్లండి అన్నాడు.

ఆ బుధవారం రాలేదు. పెళ్ళి అలసట అనుకున్నాను. తర్వాతి బుధవారం పొద్దున్నుంచీ బాల్కనీలో నిలబడ్డాను. కూరగాయల బండి, కొరియర్, పక్క ఫ్లాట్‌కి పిజ్జా వచ్చాయి. వాచ్‌మన్‌ని రెండుసార్లు అడిగితే, "పేరు చెప్పనివాడెవడూ రాలేదు సార్" అన్నాడు. ఫోన్ చేద్దామంటే ఆయన నంబరు నా దగ్గర లేదు. కేక వేస్తే పలికేవాడికి నంబరెందుకని తీసుకోలేదు. ఫ్రిజ్‌లో పిండి పొంగి మూత లేపింది. దాన్ని అణిచి మళ్ళీ మూత పెట్టాను. కాసేపటికి మళ్ళీ లేపింది. ఇంట్లో కదలిక ఉన్నది దాన్లో ఒక్కదాన్లోనే.

ఇక ఉండలేక కొత్తవలస వెళ్ళాను. ఆయన తువ్వాలు భుజం మీద వేసుకున్నాను. ఊళ్ళో ఆయన ఇంటి అరుగు మీద కూర్మమ్మ కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, తప్పయిపోయింది."

"తప్పయిపోనాదని నాకు సెప్తే ఏటొస్తాది? పేరు నాదేటి?"

"గౌరవంగానే అన్నానమ్మా. ముందు శ్రీ పెట్టాను, వెనక గారు పెట్టాను."

"అదే మరి. ముందొకటెట్టినావు, ఎనకొకటెట్టినావు. నువ్వెక్కడా లేవు" అంది ఆవిడ. "నేస్తం అంతే నువ్వే గదా. నీకు నువ్వు దండలేసుకుంతావేటి?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"గడప బయట నిలబడి పిలు. పలికితే పలికినట్టు."

"పలక్కపోతే?"

"ఆడి ఇష్టం."

వీధిలో నిలబడ్డాను. మెడ దగ్గర చొక్కా గుండీ పెట్టి ఉంది, తీశాను. "నేస్తం" అన్నాను. నాకే వినబడలేదు. అపార్ట్‌మెంట్ గొంతు అది, పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని పుట్టింది. రెండోసారి గట్టిగా పిలిచాను. ఎదురింటి కుక్క పలికింది. మూడోసారి ఆయన పిలిచినట్టే, వంగతోట ఈ చివర్నుంచి ఆ చివరికి వినబడేలా పిలిచాను.

"నేస్తం! ఓ నేస్తం!"

లోపల దగ్గు వినిపించింది. మంచం కిర్రుమంది. తర్వాత ఏమీ లేదు.

జగ్గమ్మ వచ్చి నీళ్ళు ఇచ్చింది. స్టీలు గ్లాసు, కింద పళ్ళెం. తహసీల్దారు వస్తే ఇచ్చినట్టు. ముంత కాదు. నీళ్ళు మొత్తం నేనే తాగాలి, సగం మిగిల్చినా తాగేవాడు లేడు. తాగి రైలెక్కాను.

మొన్న సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే రాజకుమారి. ఆ పిల్ల కాపురం విజయనగరంలోనే. ఆషాఢమని పుట్టింటికి వెళ్ళి వచ్చిందట. చేతిలో చూడామణి క్యారేజీ.

"నాన్న ఇచ్చీమన్నాడు, నేస్తం నాన్..." అని నాలిక కరుచుకుంది. "ఇచ్చీమన్నాడండి."

"లోపలికి రా అమ్మా."

"లేదండి, ఆటో ఉన్నాది కింద."

"నాన్న ఇంకేమైనా అన్నాడా?"

"ఏటీ అన్లేదు. ఇచ్చీసి రా అన్నాడు."

"క్యారేజీ ఎవరు నింపారు?"

"ఆయనే. మాయమ్మ నింపుతానంతే, నువ్వుండు అన్నాడు."

మూత తీశాను. నాలుగు గిన్నెల నిండా చోడిపిండి, అదే రాగిపిండి. అంబలికి సరిపడేలా మెత్తగా పట్టించింది. అడుగున ఏమైనా ఉందేమోనని వేలు పెట్టి చూశాను. అడుగున క్యారేజీయే ఉంది.

ఆ పిల్ల మెట్ల దాకా వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చి అడిగాను. ఇచ్చిపుచ్చుకున్నవి తిరిగిచ్చేస్తే నేస్తరికం తెగిపోయినట్టే కదా.

"రాజకుమారీ, టోపీ ఏదమ్మా? టోపీ ఇవ్వలేదా?"

"ఏ టోపీ? ఆ కలలదా? పొలానికి ఎట్టుకెల్లినాడు" అని దిగిపోయింది.

అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఉదయభాస్కర్ గారిని అడిగితే, "క్యారేజీ వాపసు చేశారంటే వ్యవహారం పరిసమాప్తం" అన్నారు. వాచ్‌మన్ని అడిగితే, "పిండి నింపి పంపాడంటే ఇంకా ఉన్నట్టే సార్" అన్నాడు. మర్యాద తెలిసినవాడెవడూ గిన్నె ఒట్టిగా పంపడు, అది శత్రువుకైనా సరే, అదీ నిజమే. టోపీ పెట్టుకున్నాడు. అది నేస్తం కోసం పెట్టుకున్నాడా, ఎండ కోసం పెట్టుకున్నాడా? మబ్బు పట్టిన ఆషాఢంలో ఎండెక్కడిది? కానీ రైతు, అలవాటు కొద్దీ పెట్టుకుని ఉండొచ్చు.

కాబట్టి అయ్యా, అమ్మా, మీలో ఎవరింట్లోనైనా నేస్తాలు కట్టుకున్నవాళ్ళుంటే, మీ నాయనమ్మల్నో అమ్మమ్మల్నో అడిగి చెప్పండి. పేరు పలికేసినవాడు మళ్ళీ ఎలా కలుపుకోవాలి? వెళ్ళి గడప బయట మళ్ళీ పిలవాలా? పిలిస్తే ఎన్నిసార్లకి పలుకుతారు? లేకపోతే ఇక్కడే బాల్కనీలో నిలబడి, ఆయన పిలిచేదాకా కాచుకోవాలా? ఆ చోడిపిండి కాచి నేను ఒక్కణ్ణే తాగెయ్యొచ్చా, సగం ఉంచాలా? నా అంతట నాకు తోచడం లేదు, దండం పెడతాను, మీరే ఏదో ఒకటి చెప్పండి.

కొంచెం తొందరగా చెప్పండి. రేపు బుధవారం. మూడు గ్లాసులూ నానబోసి రుబ్బేశాను, ఈసారి ఉప్పు పిండిలోనే వేశాను. వానాకాలమైనా రేపు మధ్యాహ్నం దాటితే పులిసిపోతుంది.

జవాబు రాసేవాళ్ళకి ఒక్క మనవి. నా పేరు మీకెవరికైనా తెలిసినా ఉత్తరం పైన రాయకండి, అది ఆయన పేరు కూడా. సార్ అనండి, అంకుల్ అనండి, జిడ్డు అన్నా పలుకుతాను. నేస్తం అని మాత్రం రాయకండి. ఆ మాట ఖాళీగా లేదు, ఉందేమో కూడా నాకింకా తెలీదు.